బాగున్న పాముకి డాక్టరెందుకు

"పాముకు చెకప్ ఏందండీ? మనిద్దరం డాక్టర్ మొహం చూసి ఎన్నేండ్లయింది?" అంది ఇంద్రజ, చపాతీ తుంచబోయి ఆగి.

రవికాంత్ ఫ్యాక్స్ కాగితాన్ని పెరుగుగిన్నె పక్కన పరిచి మరోసారి చదివాడు. అది లండన్ నుంచి అతని పై అధికారి కాలిన్స్ పంపింది. భార్య ఆపరేషన్ కోసం ఆరునెలల సెలవు మీద వెళుతూ, ఆయన తన పెంపుడు పామును గల్ఫులో, రిఫా ఊళ్ళో ఉన్న వీళ్ళ విల్లాలో దించిపోయాడు. పెద్దాయన అడిగితే కాదనలేక రవికాంత్ సరేనన్నాడు. ఇంద్రజ వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

"ఏటా డిసెంబర్ మొదటి వారంల చూపిస్తరంట. జబ్బున్నా లేకున్నా. బుదైయాల డాక్టర్ ఉన్నడంట, నంబర్ గూడ ఇచ్చిండు."

"జబ్బున్నా లేకున్నా!" ఇంద్రజ నవ్వింది. "ఇంగ్లీషోళ్ళ ఇంట్ల పామై పుట్టినా బాగుండు. మా అమ్మకు షుగరున్నదని, కాలివేలు తీసేసినంక గద మనకు తెలిసింది!"

అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డ పనిపిల్ల వైపు తిరిగింది.

"సాయీ, రోజూ చూసేది నువ్వే గద. ఎట్లున్నది అది? బానే ఉన్నదా?"

"ఆయ్, బాగానే ఉందండి," అంది సాయికుమారి.

అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా జారిపోయిందో ఆమెకే తెలియలేదు. జగ్గు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వచ్చేసింది. చేతులు కడుక్కుంది. కడిగినవే మళ్ళీ కడుక్కుంది.

పాము బాగాలేదు. మూడు వారాలుగా బాగాలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

సాయికుమారిది కోనసీమలో కాలవగట్టు మీద ఊరు. ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదువుకుంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, కానీ దేన్నయినా కన్నార్పకుండా గంటసేపు చూడగలదు. కాలిన్స్ దొర ఆ సంగతి పట్టేశాడు. పామును తెచ్చిన రోజున ఇంద్రజ మేడ మీదికి పారిపోతే, సాయికుమారి మాత్రం గాజు పెట్టె ముందు కూర్చుండిపోయింది. గోధుమరంగు ఒంటి మీద నల్లటి మచ్చలు, మూరన్నర పొడుగు, బెదిరితే బంతిలా చుట్టుకుపోయే చిన్నజాతి కొండచిలువ. విషం లేదు. పేరు డైసీ. దొర అన్నీ ఆమెకే చేసి చూపించాడు. గడ్డకట్టిన ఎలుకను వేణ్ణీళ్ళలో వేసి మెత్తబరచడం, పట్టకారుతో అందించడం, నీళ్ళ గిన్నె రోజూ మార్చడం, పెట్టె మీది వెచ్చటి బల్బు ఎప్పుడూ ఆర్పకుండా ఉండడం. వారానికో ఎలుక తిన్నదీ లేనిదీ ఒక పుస్తకంలో రాయాలి. ఇంగ్లీషులో రెండే మాటలు నేర్పాడు, తిన్నదనడానికి ఒకటి, తినలేదనడానికి ఒకటి.

మూడు నెలల్లో ఆ పాము ఆమెకు తెలిసిపోయింది. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలపొరలా మసకబారడం, ఆకలేసినప్పుడు నాలుక చకచకా ఆడడం, కడుపు నిండాక గిన్నె వెనక తల దాచుకోవడం, అన్నీ తెలుసు. అందుకే నాగులచవితి అయిన నాలుగో రోజునే ఆ చప్పుడు ఆమె చెవిన పడింది. సన్నగా, ఈలలాగ. గాలి పీల్చినప్పుడల్లా.

నాగులచవితి ఆలోచన నరసాయమ్మది.

మహూజ్‌లో నాలుగంతస్తుల ఫ్లాట్లలో మెట్లు తుడిచే పని నరసాయమ్మది. సాయికుమారికి వరసకు పిన్ని. ఈ ఇంట్లో పని కుదిర్చింది ఆమే. పని కుదర్చడమేమిటి, ప్రాణం నిలబెట్టిందనాలి. రెండేళ్ళ కాపురంలో మొగుడు అచ్చిబాబు చెయ్యి విరగ్గొడితే పుట్టింటికొచ్చిన సాయికుమారిని, అన్న కన్నబాబు మళ్ళీ దిగబెట్టబోతుంటే, నరసాయమ్మే అడ్డుపడింది. "రెండేళ్ళు గల్ఫులో ఉండి రానీ, ఇద్దరికీ మనసులు చల్లబడతాయి," అని చెప్పి ఒప్పించింది. అన్న ఒప్పుకున్నాడు. రెండేళ్ళయ్యాక మాత్రం తిన్నగా అచ్చిబాబు ఇంటికేనన్నాడు. అందులో పది నెలలు గడిచాయి. పద్నాలుగు నెలలు మిగిలాయి. ఆ లోపల ఏదో ఒక దారి దొరక్కపోదని సాయికుమారి ఆశ. ఈలోగా సారు గనక పంపించేస్తే, విమానం దిగిన వారానికల్లా ఆ గుమ్మంలో ఉంటుంది.

అలాంటి పిన్ని ఒకటడిగితే ఎలా కాదనగలదు?

"పుట్ట లేని దేశంలో సాక్షాత్తూ స్వామే మీ ఇంట్లో ఉంటే, గోడ మీద పసుపుతో పాము బొమ్మ గీసుకు పూజ చేసుకోమంటావేంటే?" అంది నరసాయమ్మ ఫోనులో. "మన బుల్లెమ్మ సంగతి నీకు తెల్దూ? పెళ్ళై ఎనిమిదేళ్ళు, ఇంకా కడుపు పండలేదు. చవితి ఘడియలు శుక్రవారం పొద్దున దాకా ఉన్నాయంట. ఓ అరగంట, అంతే."

ఆ శుక్రవారం అయ్యగారూ అమ్మగారూ తెలుగువాళ్ళ పిక్నిక్‌కి వెళ్ళారు. వెనక గదిలో, గాజు పెట్టె ముందు, ముగ్గురు ఆడవాళ్ళు తలస్నానాలు చేసి తడిజుట్టుతో కూర్చున్నారు. చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్డు, ఆవుపాలు. "స్వామికి ఎండ పెట్టారేంటమ్మా పాపం," అంటూ నరసాయమ్మ బల్బు ఆర్పేసింది. నీళ్ళ గిన్నె తీసి పాల గిన్నె పెట్టారు. అగరొత్తులు కట్టలకు కట్టలు వెలిగించారు. కర్పూరం వెలిగించారు. మూత తీసి పసుపునీళ్ళూ పాలూ వేళ్ళతో చిలకరించారు. సాయికుమారి వద్దనబోయింది. కానీ ఆ నిమిషానికే పాము మెల్లగా తల దించి, పాల గిన్నెలో మూతి పెట్టింది.

బుల్లెమ్మ గొల్లున ఏడ్చేసింది. "తాగుతున్నాడు పిన్నీ! స్వామి తాగుతున్నాడు!"

నరసాయమ్మ చెంపలేసుకుంది. నీళ్ళ గిన్నె పొద్దున్నే తీసేశారు గనక దానికి దాహమేసిందని సాయికుమారికి తెలుసు. తెలిసి కూడా చేతులు జోడించింది. నన్ను మళ్ళీ ఆ ఇంటికి పంపకు స్వామీ అని మొక్కుకుంది. వాళ్ళను బస్సెక్కించి, పొగ పోవడానికి కిటికీలు తెరిచింది. డిసెంబరు చలి ఇంకా రాకపోయినా గాలి చల్లగానే ఉంది. ఆ హడావుడిలో బల్బు సంగతి మరిచిపోయింది. సాయంత్రం చూసేసరికి పెట్టెలో పరిచిన తడి అరబ్బీ పేపర్ల మీద పాము చల్లగా, బంతిలా చుట్టుకుని ఉంది.

ఆ వారం ఎలుక ముట్టలేదు. పై వారమూ అంతే. ఆ పై వారమూ. మూడుసార్లూ ఆమె ఎలుకను కాగితంలో చుట్టి వీధి చివర చెత్తకుండీలో పారేసింది. మూడుసార్లూ పుస్తకంలో తిన్నదనే రాసింది.

బుధవారం సాయంత్రం రవికాంత్ డాక్టరుకి ఫోను చేశాడు. శనివారం మధ్యాహ్నానికి టైమిచ్చారు. ఫోను పెట్టేసి హాల్లోకి వస్తూ, ఆ డాక్టరు మాటలు వింతగా అనిపించినట్టు తల ఊపాడు.

"ఇంద్రూ, ఇన్నవా? పాములు జబ్బు దాస్తయంట. అడవిల నీరసంగ కనబడితే ఇంకోటి వచ్చి పట్టుకుంటది గద. అందుకని ఆఖరి దాంక ఏమీ లేనట్టే ఉంటయంట. మనకు తెలిసేసరికి ఆలస్యమయితదంట. అందుకే బాగున్నప్పుడే సంవత్సరానికోసారి చూపియ్యాలంటడు."

"డాక్టర్లు గట్లనే అంటరు. బాగున్నోళ్ళు గూడ పోతేనే గద వాళ్ళ బండి నడిచేది," అంది ఇంద్రజ. "అయినా దాన్ని కార్ల పెట్టుకోని బుదైయా దాంక పోవుడా? నేను మాత్రం రాను. మధ్యల బయటికొస్తే?"

"నాకూ మనసు లేదు. ఆయనేమో రాసిండు..." రవికాంత్ గదిలోకి వెళ్ళి పుస్తకం తెచ్చాడు. నిలబడే పేజీలు తిప్పాడు. "చూడు, ఒక్క వారం గూడ తప్పలే. మొన్న శుక్రవారం గూడ తిన్నది. తినేదానికి రోగమేంది? శనివారం పొద్దున ఫోన్ చేసి క్యాన్సిల్ చేస్త. ఆయనకు అంతా మంచిగున్నదని రాస్త. ఈ పుస్తకమే సాక్ష్యం."

సాయికుమారి బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న చొక్కా మడతను విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తను రాసిన రాతలే పాము డాక్టరు దగ్గరికి వెళ్ళే దారికి అడ్డం పడ్డాయని అర్థం కావడానికి ఆమెకు ఆ కాసేపు పట్టింది.

శుక్రవారం నరసాయమ్మ వచ్చింది. వస్తూనే వెనక గదిలోకి నడిచి, పెట్టెకు దణ్ణం పెట్టుకుంది.

"పిన్నీ, చూడు," అంది సాయికుమారి. "ముక్కు దగ్గర బుడగ చూడు. తల అలా పైకెత్తుకునే ఉంటోంది. దించితే ఊపిరాడట్లేదు."

"పడగెత్తాడమ్మా."

"ఇది పడగ పాము కాదు పిన్నీ."

నరసాయమ్మ ముఖం ముడుచుకుంది. "ఉపోషం ఉన్నాడేమో. పాలు తాగినోడికి ఎలకలేంటి? బుల్లెమ్మ రోజూ మొక్కుతుంది. దానికి ఈ నెల తప్పిందంట, తెలుసా నీకు? ఇప్పుడెళ్ళి, మేం పెట్టిన పాల వల్లే స్వామికి జబ్బు చేసిందని చెప్తావా? దాని గుండె ఆగిపోద్ది."

"చెప్పకపోతే చచ్చిపోతుంది పిన్నీ."

"చెప్తే నువ్వు చస్తావు," అంది నరసాయమ్మ, గొంతు తగ్గించి. "నీకేం ఎగతాళిగా ఉందా? ఇంట్లో లేనప్పుడు పరాయి మనుషుల్ని రానిచ్చావు, దొరగారి జంతువుని ముట్టుకోనిచ్చావు, పుస్తకంలో దొంగరాతలు రాశావు. ఏ అయ్యగారు ఊరుకుంటాడు? వారం తిరక్కుండా టిక్కెట్టు చేతిలో పెడతాడు. అక్కడ అచ్చిబాబు మొన్న కూడా మీ అన్నకి కబురెట్టాడంట, ఎప్పుడొస్తుందని. పైగా దేవుడికి సూది పొడిపిస్తావా? ఆ పాపం ఏడు జన్మలకి పోదు. నోర్మూసుకుని ఊరుకో. పాము ముసల్దైపోయి చచ్చిపోయిందంటే ఎవడడుగుతాడు?"

పిన్ని వెళ్ళిపోయాక సాయికుమారి పెట్టె ముందు కూర్చుంది. ఆమె అన్నదాంట్లో ఒక్కమాట కూడా తప్పు కాదు. ఎవడూ అడగడు. అదే సాయికుమారిని కదలనివ్వలేదు.

పెళ్ళయిన కొత్తలో అన్న కన్నబాబు మూడుసార్లు చూడ్డానికొచ్చాడు. ప్రతిసారీ అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, "బాగున్నావామ్మా?" అని అడిగాడు. ప్రతిసారీ తను పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "బాగానే ఉన్నానన్నయ్యా," అంది. అత్తగారు వెనకే నిలబడి ఉండేది. అన్న తృప్తిగా వెళ్ళిపోయేవాడు. ఆయన తప్పేం లేదు. తను తిరుగుతోంది, వండుతోంది, తింటోంది. ఒక్కసారి, ఒక్కసారైనా, ఆ జవాబుతో ఆగకుండా చెయ్యి పట్టుకుని వాకిట్లో ఎండలోకి తీసుకెళ్ళి ఎవరైనా చూసి ఉంటే! చెయ్యి విరిగాక అందరూ చూశారు. అప్పుడు మాత్రం ఎవరు చూడలేరు?

పెట్టెలో పాము నోరు కొంచెం తెరిచింది. లోపల తీగలా సాగుతున్న జిగురు కనిపించింది.

శనివారం పొద్దున రవికాంత్ ఆఫీసుకు తయారై, టై సర్దుకుంటూ ఫోను దగ్గరికి వెళ్ళాడు. నంబరు కాగితం వెతుకుతున్నాడు. సాయికుమారి టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"ఏంది సాయీ?" అంది సోఫాలోంచి ఇంద్రజ.

"ఫోను చెయ్యొద్దండి. దాన్ని తీసుకెళ్ళాలండి," అంది సాయికుమారి. "పుస్తకంలో రాసింది అబద్ధమండి. మూడు వారాలుగా ఏమీ తినట్లేదు. నేనే పారేశానండి."

రవికాంత్ వెతుకుతున్నవాడల్లా ఇటు తిరిగాడు. ఆమె ఆపలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. చవితి, పాలు, పసుపునీళ్ళు, పొగ, ఆర్పిన బల్బు, అన్నీ చెప్పింది. ఎవరెవరు వచ్చారో మాత్రం చెప్పలేదు.



"మా ఇంట్ల, మేం లేనప్పుడు, పూజలా?" అంది ఇంద్రజ లేచి నిలబడి. "నిన్న గాక మొన్న నేనడిగితే బాగున్నదంటివి గద! నా మొహం మీదనే! ఇంట్ల పిల్లలుంటే వాళ్ళకు జ్వరమొచ్చినా గిట్లనే దాస్తుంటివా?"

సాయికుమారి తల దించుకుంది.

"కాలిన్స్ కు నేనేం చెప్పాలె?" అన్నాడు రవికాంత్. అతని ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది. "వెళ్ళు. పెట్టె సర్దు. నీ సంగతి తర్వాత."

మధ్యాహ్నం బుదైయాకు బయల్దేరారు. రానన్న ఇంద్రజ ఎందుకో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో సాయికుమారి, ఒళ్ళో గాలికంతలు పెట్టిన అట్టపెట్టె, దాని లోపల తువ్వాలులో చుట్టిన వేణ్ణీళ్ళ సీసా. ఖర్జూర తోటలు మొదలయ్యే చోట, ఒక పాత విల్లా కింది భాగమే ఆసుపత్రి. డాక్టరు సూడాన్ దేశపు ముసలాయన. పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. పామును రెండు చేతుల్లోకి తీసుకుని, మెడ కింద చెవి ఆనించి విన్నాడు. నోరు తెరిచి దూదితో తుడిచి చూశాడు. పొలుసుల సందుల్లో ఎండిన పసుపును గోటితో గీరి, ఇదేమిటన్నట్టు రవికాంత్ వైపు చూశాడు.

రవికాంత్ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి తడబడ్డాడు. మా దేశంలో ఒక పండగ ఉంది, పాములకు పాలు పోస్తారు అన్నాడు. ఎవరు పోస్తారని డాక్టరడిగాడు. అతను ఒక్క క్షణం ఆగి, పనివాళ్ళు అన్నాడు. తర్వాత ఇంద్రజ వైపు తిరిగి తెలుగులో, చిన్నగా, "మా అమ్మ గూడ పోస్తది," అన్నాడు.

డాక్టరు చెప్పింది రవికాంత్ తెలుగు చేసి చెప్పాడు. పాలు ఒక్కసారికి చంపేవి కావు. పొగ, తడి, చలి కలిసి ఊపిరితిత్తికి పట్టాయి. చీము చేరింది. ఇంకో వారం ఆగితే బతికేది కాదు. ఇప్పుడు కూడా బతుకుతుందని మాటివ్వలేడు. మూడు రోజులకోసారి సూది, నెల రోజులు. మొదటిది ఇప్పుడే వేస్తాడు. మిగతావి ఇంటి దగ్గర వెయ్యాలి, ప్రతిసారీ ఇంత దూరం తిప్పితే దానికి మంచిది కాదు.

"చప్పుడు ఎప్పటి నుంచి ఉన్నదో అడుగుతుండు," అన్నాడు రవికాంత్.

"చవితయిన నాలుగో రోజు నుంచండి. ముందు పీల్చినప్పుడే. పదో రోజు నుంచి వదిలినప్పుడు కూడా. బుడగలు పోయిన ఆదివారం నుంచి. నీళ్ళు తాగుతోంది, రోజుకి గిన్నెలో వేలెడు తగ్గుతోంది. తల ఎడమ పక్కకి ఎక్కువ వాలుస్తోందండి."

రవికాంత్ ఆమెను చూసి, తర్వాత డాక్టరుకు ఒక్కొక్కటే చెప్పాడు. డాక్టరు అన్నీ రాసుకున్నాడు. రాసుకుని, సూది ఎక్కడ పొడవాలో చూపించడానికి, రవికాంత్‌ను కాదు, సాయికుమారినే దగ్గరికి రమ్మన్నాడు.

తిరుగుదారిలో రవికాంత్ అద్దంలోంచి ఆమెను చూడకుండానే అన్నాడు. "నెల గడవనీ. తర్వాత నిన్ను పంపుత. నమ్మకం పోయినంక ఇంట్ల పెట్టుకోలేం."

"ఆయ్," అంది సాయికుమారి. ఆ మాట వస్తుందని ఆమెకు ముందే తెలుసు. ఒళ్ళో పెట్టె కుదుపులకు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

మూడో రోజున రెండో సూది. రవికాంత్ డ్యూటీలో ఉన్నాడు. పామును నిలకడగా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. సాయికుమారి ఎలాగో ఒక్కతే చేద్దామనుకుని తువ్వాలు పరిచింది. గుమ్మంలో ఇంద్రజ కనిపించింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉంది.

"ఎక్కడ పట్టుకోవాలె?"

"మధ్యలోనండి. గట్టిగా నొక్కొద్దు. పసిపిల్లని పట్టుకున్నట్టు."

ఇంద్రజ కళ్ళు మూసుకుని పట్టుకుంది. ముట్టుకున్నాక నెమ్మదిగా తెరిచింది. "చల్లగుంటదనుకున్న," అంది. తర్వాత, "నొప్పి పుడ్తదా దీనికి?" అని అడిగింది.

"పుడుతుందండి. చెప్పదంతే."

సాయికుమారి పొలుసుల సందు వెతికి, తప్పు చేస్తున్నానో ఒప్పు చేస్తున్నానో తెలియకుండానే మనసులో స్వామికి క్షమాపణ చెప్పుకుని, సూది గుచ్చింది. పాము ఒళ్ళు ఒక్కసారి బిగిసింది. ఇంద్రజ వదల్లేదు.

"నీ పాస్‌పోర్టు సారు బీరువాల నుంచి తీసి బయట పెట్టిండు," అంది పాము మీదనుంచి చూపు తిప్పకుండా. "పొద్దున నేను మళ్ళ లోపల పెట్టిన. అడుగుతే ఏం చెప్పాల్నో ఇంక ఆలోచించలే. నువ్వు మాత్రం ఇప్పటి సంది నేను అడగకున్నా చెప్పాలె. ఇంట్ల ఏదున్నా."

సాయికుమారి సూది బయటికి తీసి, గుచ్చిన చోట దూది అదిమి పట్టింది.

"చేతులు జారుస్తున్నారండి," అంది. "తల కింద కూడా చెయ్యి వెయ్యండి. ఊపిరాడదు."

ఇంద్రజ చెయ్యి జరిపి తల కింద పెట్టింది. పాము గాలి పీల్చింది. ఈల ఇంకా వినబడుతూనే ఉంది.